పిల్లి కాళ్లపైనే ఎట్లు పడును?

పిల్లి శాపములకు ఉట్లు తెగిపడవని మన పెద్దలు చెప్పుదురు. ఉట్టి తెగిపడకపోవచ్చును గాని, ఉట్టిపై కన్నువేసిన పిల్లి మాత్రము అప్పుడప్పుడు పడుచునే ఉండును. అటకమీదనుండియో, అలమరమీదనుండియో గురి తప్పి వెల్లకిల పడిన పిల్లి గాలిలోనే ఒక మెలిక తిరిగి, నాలుగు కాళ్లపై నేలను ఆనుకొని, ఏమియు జరుగనట్లు తోక నిలిపి నడచిపోవును. చూచినవారు నవ్వుకొని తమ పనిలో తాము పడుదురు.

ఇంటి పిల్లి చేయు వింతపనులలో ఇది యొకటి యని మనము ఊరకుందుము. కాని ఈ చిన్న మెలిక రెండువందల సంవత్సరములకు పైగా యూరపులోని గొప్ప శాస్త్రజ్ఞులను తికమక పెట్టినది. పారిస్ విజ్ఞాన పరిషత్తులో వాదోపవాదములకు కారణమైనది. భూగోళపు ధ్రువములు ఏల కదలునన్న చర్చలోనికి కూడ ఈ పిల్లి దూరినది. ఆ కథకు ముందు, నేను దానిని తెలిసికొనుటకు కారణమైన సంగతి నొకదానిని చెప్పవలెను.

తరగతిలో ఒక ప్రశ్న

ఒకనాడు డిగ్రీ మొదటి సంవత్సరము విద్యార్థులకు భ్రమణ గతిశాస్త్రము బోధించుచున్నాను. వెలుపలినుండి త్రిప్పు బలమేదియు లేనప్పుడు వస్తువుయొక్క కోణీయ ద్రవ్యవేగము మారదన్న నియమమును నల్లబల్లపై వ్రాసి, "మొదట తిరగని వస్తువు తనంతట తాను తిరుగనారంభింపజాలదు" అని ముగించితిని. వెనుక బల్లనుండి ఒక విద్యార్థిని లేచినది.

"సార్, పిల్లి పడేటప్పుడు గాలిలోనే తిరుగుతుంది గదా. దాన్ని ఎవరు తిప్పుతున్నారు సార్?"

తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వితిని. "పడే ముందు అది మన చేతినో, గోడనో తన్నుకుంటుందమ్మా. ఆ తోపుతోనే తిరుగుతుంది" అని చెప్పి తరువాతి లెక్కకు పోయితిని. ఆమె కూర్చున్నది గాని, ముఖములో తృప్తి కనబడలేదు. ఆమె మౌనమే నన్ను ఆ సాయంత్రము గ్రంథాలయమునకు నడిపించినది. అక్కడ తెలిసినదేమనగా, నేను చెప్పిన సమాధానము తప్పు. అంతకంటె ఆశ్చర్యమేమనగా, సరిగా ఆ తప్పునే 1894లో పారిస్ నగరమున మహామహులు కొందరు చేసియుండిరి.

నియమము ఏమి చెప్పుచున్నది?

తిరుగు వస్తువును గూర్చి ఆలోచించునప్పుడు రెండు సంగతులు గమనింపవలెను. ఒకటి, అది ఎంత వేగముగా తిరుగుచున్నది? రెండవది, దాని ద్రవ్యరాశి ఇరుసునకు ఎంత దూరముగా పరచుకొని యున్నది? ఈ రెండవదానినే జడత్వ భ్రామకమందురు. ఈ రెంటి గుణకారమే కోణీయ ద్రవ్యవేగము. మంచుపై గిరగిర తిరుగు నర్తకి చాచిన చేతులను రొమ్మునకు దగ్గరగా తీసికొనగానే మరింత వేగముగా తిరుగును. జడత్వ భ్రామకము తగ్గినది; గుణకారము మారకూడదు; కాబట్టి వేగము హెచ్చినది. ఇందులో చిక్కేమియు లేదు.

మరి పిల్లి సంగతి ఏమి? వెల్లకిల పట్టుకొని మెల్లగా వదలినచో, ఆ క్షణమున అది తిరుగుట లేదు. కోణీయ ద్రవ్యవేగము సున్న. భూమ్యాకర్షణ శరీరము నంతటిని ఒకే తీరున క్రిందికి లాగునే గాని త్రిప్పజాలదు. గాలి నిరోధము ఇంత కొద్ది ఎత్తులో లెక్కలోనిది కాదు. నేలను చేరువరకు ఆ సున్న సున్నగానే ఉండవలెను. అయినను పిల్లి సగము చుట్టు, అనగా 180 డిగ్రీలు తిరిగి కాళ్లపై పడుచున్నది. నియమమైనను తప్పు కావలెను, కన్నులైనను మోసగింపవలెను. విద్యార్థిని అడిగిన ప్రశ్నలోని పదును ఇదియే.

తొలి ప్రయత్నములు

ఈ ప్రశ్నకు సమాధానము వ్రాయ పూనుకొన్న తొలివారిలో ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు ఆంట్వాన్ పరాన్ ఒకడు. 1700లో అతడు ద్రవములలో తేలు వస్తువులను గూర్చి వ్రాయుచు, పిల్లిని కూడ అందులో చేర్చెను. పిల్లి వీపు వంచుటచే దాని గురుత్వ కేంద్రము శరీరమధ్యము నుండి తొలగును. అప్పుడు, నీటిలో తలక్రిందులుగా విడిచిన బరువు అడుగు పడవ తనంతట తాను సరిగా తిరుగునట్లు, పిల్లియు గాలిలో తిరుగునని అతని భావము. వినుటకు ఇది బాగుగనే యున్నది. కాని నీరు పడవను మోయునట్లు గాలి పిల్లిని మోయదు. నీటితో పోల్చినచో గాలి ఎంతో పలుచనిది. అయినను పరాన్ గౌరవింపదగినవాడు. పిల్లి పడుటను ఒక శాస్త్రసమస్యగా కాగితముపై పెట్టినవాడతడు.

ఆ తరువాత నూరేండ్లకు పైగా ఈ విషయమున చెప్పుకొనదగిన ప్రగతి లేదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒక యువకుడు పిల్లులను పడవేసి చూచుట మొదలుపెట్టెను. అతడు మరెవ్వరో కాదు. విద్యుదయస్కాంత సిద్ధాంతమును నిర్మించిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. అతడు ట్రినిటీ కళాశాలలో ఉన్న రోజులలో పిల్లులను కిటికీలనుండి విసరెడివాడని ఆ కళాశాలలో ఒక పుకారు నిలిచిపోయినది. 1870లో అక్కడికి మరల పోయినప్పుడు ఈ కథ అతని చెవిని పడెను. భార్యకు వ్రాసిన ఉత్తరములో అతడు దీనిని సవరించుకొనెను. తాను తెలిసికొనగోరినది పిల్లి ఎంత త్వరగా తిరుగగలదన్నది మాత్రమే. అందుకు దానిని బల్లమీదనో, పరుపుమీదనో రెండంగుళముల ఎత్తునుండి వదలిన చాలును. అప్పటికిని పిల్లి కాళ్లపైననే పడునని అతడు వ్రాసెను.

ఆ రెండంగుళములను లెక్క కట్టి చూడుడు. రెండంగుళములనగా సుమారు 5 సెంటీమీటర్లు. అంత దూరము పడుటకు పట్టు కాలము సెకనులో పదవ వంతు. మన కన్నురెప్ప వాల్చి ఎత్తులోపల పిల్లి పని ముగియుచున్నది. ఇంత శీఘ్రమైన చలనమును కన్ను విడదీసి చూడజాలదు. మాక్స్‌వెల్ వంటి మేధావికి కూడ, చూచుటకు తగిన సాధనము లేక, ఈ ప్రశ్న ఇక్కడనే నిలిచిపోయినది. అతని మిత్రుడును ప్రసిద్ధ గణితజ్ఞుడును అగు జార్జి స్టోక్స్ కూడ ఈ పిల్లుల ఆటపై ఆసక్తి చూపినవాడే.

పిల్లికి చెలగాటము ఎలుకకు ప్రాణసంకటమని సామెత. ఇక్కడ చెలగాటము శాస్త్రజ్ఞులది, సంకటము పిల్లిది!

మారే కెమెరా

కన్ను చేయలేని పనిని చేసినవాడు ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎటియెన్ జూల్ మారే. 1830లో జన్మించిన ఇతడు నాడికొట్టుకొనుట, పక్షి రెక్కలాడించుట, గుఱ్ఱము పరుగెత్తుట మొదలగు జీవచలనముల నన్నిటిని గీతలుగా, చిత్రములుగా పట్టియుంచుటయే జీవితవ్రతముగా పెట్టుకొన్నవాడు. 1882లో ఇతడు తుపాకి ఆకారముగల కెమెరా నొకదానిని నిర్మించెను. మీట నొక్కినచో దానినుండి గుండు రాదు. ఎగురుచున్న పక్షియొక్క 12 చిత్రములు ఒక్క సెకనులో పడును. కొలది సంవత్సరములలోనే మారే చిత్రఫలకములకు మారుగా పొడవైన ఫిలిము పట్టీని వాడి, సెకనుకు 60 చిత్రముల వరకు తీయగలిగెను. నేటి చలనచిత్రమునకు ఇతని యంత్రములు పూర్వజులు.

1894లో మారే ఈ కెమెరా ముందు పిల్లిని వెల్లకిల పట్టించి వదలించెను. ఒక మీటరు ఎత్తునుండి పడుటకు 0.45 సెకను పట్టును. ఆ లోపల సెకనుకు 60 చొప్పున 27 చిత్రములు లభించును. రెండువందల ఏండ్లుగా కన్నులకు చిక్కని మెలిక ఇట్లు ముక్కముక్కలుగా కాగితముపై నిలిచినది. ప్రక్కనుండి ఒక వరుస, వెనుకనుండి ఒక వరుస చిత్రములు తీసి, అక్టోబరు 22న మారే వానిని పారిస్ విజ్ఞాన పరిషత్తు సభలో ప్రదర్శించెను.

సభలో కలకలము పుట్టినది. పిల్లి ఇట్లు తిరుగుట యంత్రశాస్త్రమునకు విరుద్ధమని కొందరు సభ్యుల అభిప్రాయము. పట్టుకొన్నవాని చేతిని తన్నుకొని తిరుగుచున్నదని వారి వాదము. నేను తరగతిలో చెప్పినదియు అదియే! కాని చిత్రములు సాక్ష్యము చెప్పుచున్నవి. వదలిన వెంటనే తీసిన చిత్రములలో పిల్లి తిరుగుటయే లేదు. కొంత పడిన తరువాతనే మెలిక మొదలైనది. చేతిని తన్నియుండినచో మొదటి చిత్రమునుండియే తిరుగుచుండవలెను గదా!

ఆ వాదమున ఓడినది నియమమా? కాదు. నియమమును చదివిన తీరు ఓడినది. పుస్తకములో బొమ్మ గీయునప్పుడు మనము సాధారణముగా గట్టి వస్తువునే, ఒక చక్రమునో కొయ్యదిమ్మనో గీయుదుము. గట్టి వస్తువు విషయమున, కోణీయ ద్రవ్యవేగము సున్న యైనచో తిరుగుట లేదనియే అర్థము. కాని పిల్లి కొయ్యదిమ్మ కాదు. దాని వెన్నెముక మెలిపడును, కాళ్లు ముడుచుకొనును, చాచుకొనును. ఆకారము మార్చుకొనగల వస్తువు, మొత్తము కోణీయ ద్రవ్యవేగము ఎల్లప్పుడు సున్నగానే ఉంచుకొని, చివరకు వేరొక దిక్కునకు తిరిగి యుండవచ్చును. నియమము దీనిని నిషేధింపలేదు. నిషేధించినట్లు మనమే ఊహించుకొంటిమి.

రెండు అంచెల మెలిక

మారే చిత్రములను చూచి, అది ఎట్లు సాధ్యమో వెంటనే లెక్కతో చూపినవాడు ఎమీల్ గుయూ అను ఫ్రెంచి నౌకాదళ అధికారి. అతని వివరణ ఇది.

మొదటి అంచెలో పిల్లి ముందుకాళ్లను దగ్గరగా ముడిచి, వెనుకకాళ్లను చాచును. అప్పుడు ముందు సగము జడత్వ భ్రామకము తక్కువ, వెనుక సగమునకు ఎక్కువ. ఈ స్థితిలో నడుమును మెలిపెట్టినచో తేలికయైన ముందు సగము ఎక్కువగా ఒకవైపునకు, వెనుక సగము కొద్దిగా ఎదురువైపునకు తిరుగును. రెండవ అంచెలో ముందుకాళ్లు చాచి, వెనుకకాళ్లు ముడుచును. ఇప్పుడు మెలికను విప్పినచో వెనుక సగము ఎక్కువగా తిరిగి ముందు సగమును కలిసికొనును. ముందు సగము కొద్దిగా మాత్రమే వెనుకకు పోవును. రెండు అంచెలు ముగియునప్పటికి మెలిక లేదు, కాని శరీరమంతయు తిరిగియున్నది.

ఒక ఉదాహరణ చూతము. కాళ్లు చాచిన సగము, ముడిచిన సగమునకు 3 రెట్లు జడత్వ భ్రామకము కలదని ఊహింపుడు. నడుము 120 డిగ్రీలు మెలిపడినచో, ముందు సగము 90 డిగ్రీలు ఇటు, వెనుక సగము 30 డిగ్రీలు అటు తిరుగును. రెండవ అంచెలో వెనుక సగము 90 డిగ్రీలు ఇటు, ముందు సగము 30 డిగ్రీలు అటు. లెక్క కూడినచో రెండు సగములును 60 డిగ్రీలు ఇటు తిరిగినవి. అడుగడుగునను మొత్తము కోణీయ ద్రవ్యవేగము సున్నయే!

పాఠకులు ఈ పాటికి ఒక లోపమును గుర్తించియే ఉందురు. మనకు కావలసినది 180 డిగ్రీలు, వచ్చినది 60. ఈ లెక్కప్రకారము పిల్లి మూడుసార్లు మెలిపడి విప్పుకొనవలెను. చిత్రములలో అట్లు కనబడదు. గుయూ చూపినది మార్గమే గాని, మార్గమంతయు కాదు.

తోకయు, భూగోళమును

ఈ లోపల ఇటలీలోని ట్యూరిన్ నగరమున గణితజ్ఞుడు జుసెప్పె పెయానో మరియొక సమాధానము చెప్పెను. సంఖ్యలకు తార్కికమైన పునాదులు వేసినవాడుగా పేరు పొందిన ఈ పెయానోయే 1895లో పిల్లి కథను ఒక వ్యాసముగా వ్రాసెను. పిల్లి తోకను ఒకవైపునకు గుండ్రముగా త్రిప్పినచో శరీరము ఎదురువైపునకు తిరుగునని అతని వాదము. తోక చాల తేలిక. కాబట్టి శరీరము సగము చుట్టు తిరుగుటకు తోక ఎన్నోసార్లు తిరుగవలెను. పైగా తోకలేని పిల్లులు కూడ కాళ్లపైననే పడుచున్నవి. కనుక తోక సహాయకారియే గాని కర్త కాదు.

అయినను పెయానో ఆలోచన అక్కడితో ఆగలేదు. 1891లో అమెరికా ఖగోళజ్ఞుడు సేథ్ చాండ్లర్ భూమి ధ్రువములు స్థిరముగా ఉండక, సుమారు 14 నెలల కొకసారి కొన్ని మీటర్ల వలయములో కదలుచున్నవని కనుగొనియుండెను. భూమి కూడ పూర్తిగా గట్టి వస్తువు కాదు. దానిపై సముద్రములున్నవి, గాలియున్నది. పిల్లికి తోక యెట్లో, భూమికి సముద్ర ప్రవాహములట్లని పెయానో వాదించెను. అదే నగరమున వీటో వోల్టెర్రా అను మరియొక గణితజ్ఞుడు ఆ సంవత్సరమే భూమి లోపలి చలనములవలన ధ్రువములు కదలుటను గూర్చి పరిశోధన ప్రకటించుచుండెను. తన పొలములోనికి పెయానో పిల్లితో సహా ప్రవేశించినాడని వోల్టెర్రా ఆగ్రహించెను. ఇద్దరి నడుమ గట్టి వివాదము సాగినది. ఇల్లిల్లు తిరుగు పిల్లి ఇద్దరు పండితుల స్నేహమును చెరిపినదన్నమాట.

ఆ వివాదము నాటికి తేలలేదు గాని, ఒక శతాబ్ది గడచిన తరువాత, 2000లో, చాండ్లర్ కనుగొన్న ఆ కదలికకు ముఖ్యకారణము సముద్రపు అడుగున ఒత్తిడిలో కలుగు మార్పులనియు, మిగిలినది వాతావరణమువలన అనియు అమెరికాలో జరిగిన లెక్కలు చూపినవి. భూమియు తన శరీరములోని కదలు భాగములవలననే ఒయ్యారము పోవుచున్నది. పిల్లిని చూచి భూమిని ఊహించిన దృష్టి తప్పు కాదు.

వంగిన గొట్టము

గుయూ లెక్కలోని లోపమును పూరించినవారు హాలెండు దేశీయులు రాడెమేకర్, టెర్ బ్రాక్ అను ఇద్దరు. 1935లో వారు చెప్పినది కాళ్లు ముడుచుటను గూర్చి కాదు, నడుము వంచుటను గూర్చి.

ఒక రబ్బరు గొట్టమును చేత తీసికొని నడుమ వంచుడు. వంపును చెదరనీయక రెండు కొనలను వ్రేళ్లతో దొర్లించుడు. వంపు ఉన్నచోటనే ఉండును, కాని గొట్టముయొక్క పైభాగము క్రిందికి, క్రిందిభాగము పైకి వచ్చును. పిల్లి చేయునది ఇదియే. నడుము దగ్గర వంగి, ముందు సగము తన ఇరుసుచుట్టును, వెనుక సగము తన ఇరుసుచుట్టును దొర్లును. శరీరము వంగియున్నందున ఈ రెండు భ్రమణములు ఒకదానినొకటి చాలవరకు సరిపెట్టుకొనును. మిగిలిన కొద్దిపాటిని సరిపెట్టుటకు వంగిన శరీరమంతయు ఎదురువైపునకు కొంచెము తిరుగును. నడుము ఎంత బాగుగా వంగినచో ఆ ఎదురుతిరుగుడు అంత తక్కువ. ఈ మార్గమున 180 డిగ్రీలు ఒక్క మెలికలోనే పూర్తియగును. నేడు మన మెరుగుదుము: పిల్లి ఈ వంపును ముఖ్యముగా వాడుకొనుచు, కాళ్ల ముడుపును, తోకను కూడ అవసరమునుబట్టి చేర్చుకొనును.

పిల్లికి దిక్కు చెప్పునదెవరు?

ఎట్లు తిరుగుచున్నదో తెలిసినది. ఎటు తిరుగవలెనో పిల్లికెట్లు తెలియును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవాడు హాలెండులోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రుడోల్ఫ్ మాగ్నుస్. 1924లో ప్రకటించిన గ్రంథములో అతడు జంతువు తన శరీరమును ఎట్లు నిలుపుకొనునో వివరించెను. లోపలి చెవిలో ద్రవముతో నిండిన మూడు అర్ధవలయపు గొట్టములును, వానిదగ్గర సన్నని సున్నపు రేణువులు గల చిన్న సంచులును ఉన్నవి. తల ఏవైపునకు వాలినదో, ఎటు తిరుగుచున్నదో ఇవి నాడులద్వారా మెదడునకు తెలుపును. మొదట తల సరియగును. తలననుసరించి మెడ, మెడననుసరించి మొండెము, చివరకు నడుము తిరుగును. దీనికి పిల్లి ఆలోచింపనక్కర లేదు. ఇదొక ప్రతీకార చర్య, మధ్యమెదడే నడిపించును. పిల్లికూనలలో ఇది మూడు నాలుగు వారముల వయస్సున తలచూపి, ఆరేడు వారములకు చక్కబడును.

కన్నులకు గంతలు కట్టినను ఆరోగ్యముగా నున్న పిల్లి సరిగానే తిరుగును. మరి బరువే తెలియని చోట దాని గతి యేమి? 1957లో అమెరికాలో గెరాథెవోల్, స్టాలింగ్స్ అను పరిశోధకులు పిల్లికూనలను జెట్ విమానములో తీసికొనిపోయి, కొద్ది సెకనులపాటు భారరహిత స్థితి కలుగునట్లు విమానమును నడిపించి చూచిరి. భారరహిత స్థితి కొంతసేపు సాగినచో, ఏది క్రిందో ఏది పైనో తెలియక కూనల తిరుగుడు కుంటుపడినది. మనుష్యుని అంతరిక్షమునకు పంపు ప్రయత్నములకు అవి తొలి రోజులు.

ఆ ప్రయత్నములే పిల్లికి మరియొక గౌరవమును కూడ తెచ్చినవి. వ్యోమనౌక వెలుపల తేలుచున్న మనిషి పట్టుకొనుటకేదియు లేక వెనుదిరుగవలసివచ్చినచో ఏమి చేయవలెను? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున థామస్ కేన్, షెర్ అను ఇరువురు 1969లో పిల్లి మెలికకు పూర్తి గణిత రూపమును ప్రకటించిరి. వంగి తిరుగు రెండు భాగముల శరీరముగా పిల్లిని భావించి వారు కట్టిన లెక్క, పడుచున్న పిల్లి చిత్రములతో చక్కగా సరిపోయినది. అటువంటి కదలికలను వ్యోమగామి దుస్తులు ధరించిన వ్యాయామకునిచే చేయించి కూడ చూచిరి. చంద్రునిపై మనిషి కాలుపెట్టిన సంవత్సరమునందే పిల్లి లెక్క తేలినది!

ఒక హెచ్చరిక

ఇంతవరకు చదివి, పిల్లికి పడుటవలన ప్రమాదమే లేదని ఎవ్వరును భ్రమపడరాదు. కాళ్లపై పడుట వేరు, గాయపడకుండుట వేరు. 1987లో న్యూయార్కు నగరపు పశువైద్యులు ఇద్దరు ఎత్తైన మేడలనుండి పడిన 132 పిల్లులను గూర్చి ఒక నివేదిక ప్రకటించిరి. ఆ పిల్లులు 1984లో అయిదు నెలలలోపల ఒక్క ఆసుపత్రికి వచ్చినవి. చికిత్స పొందినవానిలో నూటికి 90 బ్రతికినవి. ఏడంతస్తులవరకు గాయములు హెచ్చి, అంతకు మించిన ఎత్తునుండి పడినవానికి తగ్గినట్లు కనబడినది. గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగమును చేరిన పిదప గాలి నిరోధమువలన పిల్లి వేగము హెచ్చదు. అప్పుడది కాళ్లు చాచి, ఒడలు సడలించి పడునని వారు ఊహించిరి.

కాని ఈ లెక్కను చదువుటలో జాగ్రత్త అవసరము. పడినచోటనే చనిపోయిన పిల్లిని ఆసుపత్రికి ఎవ్వరును తీసికొనిపోరు. ఆసుపత్రి పుస్తకములో ఎక్కినవి బ్రతికి వచ్చినవి మాత్రమే. "ఎంత ఎత్తయిన అంత క్షేమము" అని ఆ అంకెలనుండి తీర్మానించుట, వెనుకటివలెనే, సాక్ష్యమును తప్పుగా చదువుట యగును. పల్లెయింటి అటక ఎత్తునకు అలవాటుపడిన జాతి నేడు మనతోపాటు విజయవాడలోను, హైదరాబాదులోను పదియంతస్తుల మేడలలో కాపురమున్నది. పిచ్చుకపై చూపు నిలిపిన పిల్లికి వసారా గోడ అవతల ఎంత లోతున్నదో పట్టదు. పిల్లిని పెంచువారు వసారాకును, కిటికీలకును వల కట్టించుట మంచిది.

తరగతికి మరల

మరునాడు తరగతిలోనికి పోయి, ముందుగా నేను చెప్పినది తప్పని ఒప్పుకొంటిని. తరువాత కార్యాలయమునుండి తిరుగుడు కుర్చీ నొకదానిని తెప్పించి, ప్రశ్న వేసిన విద్యార్థినినే కూర్చుండబెట్టి, రెండు చేతులకు రెండు లావు పుస్తకములిచ్చితిని. కాళ్లు నేలకు తగులకూడదు. చేతులను బాగుగా చాచి కుడినుండి ఎడమకు త్రిప్పవలెను. కుర్చీ కుడివైపునకు తిరుగును. పిమ్మట చేతులను రొమ్మునకు దగ్గరగా ముడిచి, ఎడమనుండి కుడికి తీసికొనిరావలెను. కుర్చీ వెనుకకు తిరుగును గాని, ముందటంత కాదు. మరల చాచవలెను. ఇట్లు నాలుగైదు మార్లు చేయునప్పటికి, నల్లబల్లవైపు ముఖము పెట్టి కూర్చున్న ఆమె తరగతివైపు తిరిగియుండెను. ఎవ్వరును ఆమెను త్రోయలేదు.

"నియమం తప్పు కాదన్నమాట సార్" అన్నది.

"కాదమ్మా. నేను చదివిన తీరే తప్పు" అంటిని.

నేడు మన జేబులలోని ఫోనులలో అనేకము సెకనుకు 240 చిత్రములు తీయగలవు. మారే కెమెరాకంటె ఇవి నాలుగు రెట్లు వేగముగలవి. సాధనము అందరి చేతులలో ఉన్నది, కావలసినది అడుగువారు. మీ ఇంటి పిల్లి కుర్చీమీదనుండి జారి దానంతట అదే పడినప్పుడు తీసి చూడుడు. అందుకొరకు దానిని పడవేయనక్కర లేదు. ఆ పనిని మాక్స్‌వెల్, మారే మనకొరకు ఎప్పుడో చేసిపెట్టినారు. మనకు తిరుగుడు కుర్చీ చాలును.